భోలా నెత్తురు

కొవ్వొత్తి ఆరినప్పుడు లేచే ఆ పొగ వాసన తగిలితే నాకు కరెంటు పోయిన రాత్రులు గుర్తుకు రావు. ఒక గాజు డెసికేటర్ గుర్తొస్తుంది. లోపల పెట్రి డిష్‌లు, వాటిలో పల్చగా పరిచిన కుక్క నెత్తురు, పక్కనే వెలుగుతున్న పొట్టి కొవ్వొత్తి. మూత అంచుకి గ్రీజు రాసి, మెల్లగా తిప్పుతూ బిగించి, పైనున్న గాజు కుళాయిని తెరిచే ఉంచి మంట వంకే చూస్తూ నిలబడేవాళ్ళం. మంట చిన్నదై, నీలం తిరిగి, ఆరీ ఆరగానే కుళాయి మూసేయాలి. లోపల ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరిగిన గాలి మిగులుతుంది. ఎర్రకణంలో కాపురం పెట్టే పరాన్నజీవికి ఆ గాలి నచ్చుతుంది. 1976లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో విలియం ట్రేగర్, జేమ్స్ జెన్సెన్ మనిషి మలేరియా పరాన్నజీవిని ఒంటి బయట ఆగకుండా పెంచి చూపించారు. ఈ కొవ్వొత్తి జాడీ పద్ధతిని నేర్పిందీ వాళ్ళే. గ్యాస్ సిలిండర్లు కొనే తాహతు లేని మా బోటి లేబొరేటరీలకి అది ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

మేం పెంచాలనుకున్నది మలేరియా కాదు. బబీసియా గిబ్సోనై. పిడుదు కుట్టినప్పుడు కుక్క నెత్తురులోకి దిగి, ఎర్రకణాల్లో దూరి, రెండుగా చీలి, కణాన్ని పగలగొట్టుకుని పక్క కణంలోకి పోయే జీవి. కుక్కకి జ్వరం వస్తుంది, తిండి మానేస్తుంది, మెట్లెక్కలేక ఆగిపోతుంది. పరాన్నజీవి పగలగొట్టిన కణాలు కొన్నయితే, వాటితోపాటు మంచి కణాలను కూడా శత్రువులనుకుని కుక్క ఒళ్ళే నాశనం చేసుకునేవి మరికొన్ని. అందుకే స్లైడు మీద నూటికి రెండు మూడు కణాల్లోనే పురుగు కనిపించినా, కుక్కలో మాత్రం సగం నెత్తురు ఉండదు.

మా ఇల్లు కలకత్తాలోని ఖిదిర్‌పూర్‌లో. నాన్న డాక్‌లో క్రేను నడిపేవాడు. సోంపేట, టెక్కలి, పలాస వైపు నుంచి తాతల కాలంలో కూలికి వచ్చినవాళ్ళ పిల్లలం మా వీధి నిండా ఉండేవాళ్ళం. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో ఉర్దూ, బళ్ళో బెంగాలీ. 1892లో తెరిచిన ఆ డాక్‌కి నా చిన్నప్పుడు ఓడలు బారులు తీరేవి. 1977లో హల్దియా డాక్ వచ్చాక పెద్ద ఓడలు అటు మళ్ళాయి. నాన్న సాయంత్రం పెందరాళే ఇంటికి రావడం మొదలైంది. అది ఆయనకు సుఖం కాదని తెలుసుకునే వయసు అప్పటికి నాకు లేదు.

గోడౌన్ల చుట్టూ కుక్కలుండేవి. కాపలావాళ్ళు పెంచుకునేవి, ఎవరూ పెంచనివి. వానాకాలం వెళ్ళీ వెళ్ళగానే వాటి చెవుల లోపల, వేళ్ళ సందుల్లో గోధుమరంగు పిడుదులు. వెటర్నరీ చదువు పూర్తయ్యాక సాయంత్రాలు నేను మా పేటలోనే ఒక ముసలి డాక్టర్‌బాబు క్లినిక్‌లో కూర్చునేదాన్ని. ఆయన కుక్కను బల్ల మీదికి ఎక్కించగానే ముందు పెదవి పైకెత్తి చూసేవారు. చిగుళ్ళు బియ్యం కడిగిన నీళ్ళ రంగులో ఉండేవి. వేలితో నొక్కి వదిలేవారు. ఎరుపు తిరిగి రాదు. "రొక్తో నేయ్" అనేవారు, రక్తం లేదని. ఆ మాటను ఆయన యజమానికి చెబుతున్నట్టుండేది కాదు, కుక్కకే చెప్పి ఓదారుస్తున్నట్టు ఉండేది. ఆయన ముఖం నాకిప్పుడు సరిగ్గా గుర్తు రావడం లేదు. బొటనవేలి గోరు మీద అయొడిన్ మరక మాత్రం కళ్ళకు కట్టినట్టుంది.

నేను పనిచేసిన లేబొరేటరీ నగరానికి ఉత్తరాన ఉండేది. ఖిదిర్‌పూర్ డిపోలో ట్రామెక్కితే రేస్‌కోర్సు పక్కనుంచి మైదానం చెట్ల నీడలో ఎస్‌ప్లనేడ్ దాకా, అక్కడ దిగి ఇంకో ట్రాము. ఒడిలో థర్మాస్ ఫ్లాస్క్. అందులో ఐసు, ఐసు మధ్య ముందురోజు సాయంత్రం క్లినిక్‌లో తీసిన నెత్తురు. కండక్టర్లు టీ అనుకునేవారు.

కలకత్తాలో పరాన్నజీవుల పని చేసేవాళ్ళకు పూర్వీకుల బరువు ఎక్కువ. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా జాడ కనిపెట్టిన రొనాల్డ్ రాస్, మరుసటి ఏడు ఇక్కడి ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రిలో కూర్చుని పిట్టల మలేరియా దోమకాటుతో ఎలా పాకుతుందో నిరూపించాడు. ఆ ఆసుపత్రి గోడకున్న స్మారక ద్వారాన్ని 1927లో ఆయనే వచ్చి ఆవిష్కరించాడు. మా ఇంటికి అది నడిచిపోయే దూరం. లియొనార్డ్ రోజర్స్ 1904లో ఈ ఊళ్ళోనే, కాలా అజార్ రోగుల ప్లీహం నుంచి తీసిన నెత్తురులో సిట్రేట్ కలిపి చల్లటి చోట ఉంచి, ఆ పరాన్నజీవి తోకతో ఈదడం చూశాడు. ఒంటి బయట పెంచడమనే కళకు ఈ నగరంలో అంత పాత చరిత్ర ఉంది. మా గిబ్సోనై మాత్రం మద్రాసు మనిషి చేతికి దొరికింది. 1910లో ప్యాటన్ అనే డాక్టరు మద్రాసు హంట్ వేటకుక్కల నెత్తురులో దాన్ని మొదట చూసి, తర్వాత నక్కల్లోనూ ఉందని రాశాడు. నక్కల వెంట తరిమిన కుక్కలకీ, ఆ నక్కలకీ ఒకటే పురుగు. ఇవన్నీ అప్పట్లో నాకు కంఠతా వచ్చు. ట్రాములో పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా చెప్పేదాన్ని.

ఇక భోలా గురించి.

పరాన్నజీవిని బయట పెంచడం రానంతకాలం దాన్ని బతికించి ఉంచడానికి ఒకటే దారి: బతికున్న కుక్క. ఒక కుక్కకు ఎక్కించి, అది నీరసించే వేళకు దాని నెత్తురు తీసి ఇంకో కుక్కకు ఎక్కించడం. జబ్బుకణాలను ఏరిపారేసేది ప్లీహం కాబట్టి, చాలా చోట్ల శస్త్రచికిత్స చేసి ముందే ప్లీహం తీసేసేవారు. అప్పుడు పురుగులు అడ్డూ ఆపూ లేకుండా పెరుగుతాయి. జంతు ప్రయోగాల మీద 1998 నాటి నియమాలు అప్పటికి రాలేదు. మా దగ్గర ఆ బరువు మోస్తున్నవాడు భోలా. గోధుమరంగు నాటుకుక్క, ఒక చెవి కొస చీలి ఉండేది. కుడి చెవో ఎడమ చెవో ఇప్పుడు ఎంత ఆలోచించినా తేలడం లేదు.

కుక్కలను చూసుకునే ఆయనది బీహార్‌లో ఛప్రా. అందరం చాచా అనేవాళ్ళం. ఆయన "దే బేటా" అనగానే భోలా ముందుకాలు చాపేవాడు. రబ్బరు పట్టీ కట్టి, వెంట్రుకలు తడిపి, వేలితో తడిమితే నరం దొరికేది కాదు. నెత్తురు తక్కువైన కుక్కకు నరం లోపలికి జారిపోతుంది. సూది లోపలుండగా కూడా కాలు వెనక్కి లాక్కునేవాడు కాడు. చాచా తన జీతం డబ్బులతో మేక కాలేయం కొని ఉడికించి పెట్టేవాడు. ఆ డబ్బు ఎవరైనా తిరిగి ఇచ్చారో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఇరవై ఆరేళ్ళ నాకు భోలా అంటే రిజిస్టర్లో రెండు అంకెలు. నూటికి ఎన్ని కణాల్లో పురుగుంది, పీసీవీ ఎంత. పీసీవీ అంటే నెత్తురులో ఎర్రకణాల వాటా. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ముప్పై ఏడు నుంచి యాభై అయిదు దాకా ఉంటుంది. భోలాకు పద్దెనిమిది.

"దీన్ని బయట పెంచగలిగితే వీడికి సెలవు," అని మా గైడ్ మాస్టారు మొదటిరోజే చెప్పారు. థీసిస్ పేరు వేరే ఏదో పెట్టాం. పని మాత్రం అదే.

పని ఇలా సాగేది. తీసిన నెత్తురును గాజుపూసలు వేసిన ఫ్లాస్కులో పోసి, మణికట్టు నొప్పి పుట్టేదాకా గుండ్రంగా తిప్పాలి. గడ్డ కట్టించే పీచంతా పూసలకు చుట్టుకుంటుంది, మిగిలిన నెత్తురు గడ్డకట్టదు. సెంట్రిఫ్యూజ్‌లో వేసి పైన తేలిన సీరం తీసేసి, దాని కింద తెల్లకణాల పల్చటి పొరను పిపెట్‌తో ఒడుపుగా లాగేయాలి. అక్కడ తొందరపడితే ఎర్రకణాలు కూడా వచ్చేస్తాయి. కడిగిన కణాలకు ఆరోగ్యంగా ఉన్న కుక్కల కణాలు కలిపి, మీడియంలో తేల్చాలి. మీడియం అంటే ఆర్‌పిఎంఐ 1640 పొడి, స్వేదనజలం, కుక్క సీరం, పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్. ఆ పొడి డబ్బా మీద ముద్రించిన పదార్థాల పట్టికలో ఫోలిక్ ఆసిడ్ ఉంటుంది, లీటరుకు ఒక మిల్లీగ్రాము. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1945లో అమెరికాలోని లెడర్లే కంపెనీలో తయారుచేసి చూపించిన విటమిన్ అది, మనుషుల రక్తహీనతకు మందు. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరించేది. కలకత్తా లేబొరేటరీలో, కుక్కల రక్తహీనత పనిలో, మన ఊరాయన చేయి ఒకటి పడ్డట్టే అనిపించేది.

డిష్‌ను ఇంక్యుబేటర్లో ముప్పై ఏడు డిగ్రీల దగ్గర కదపకుండా ఉంచితే కణాలు అడుక్కి దిగి పలుచని పొరగా పరుచుకుంటాయి. 1980లో లెవీ, రిస్టిక్ అనే ఇద్దరు అమెరికాలో పశువుల బబీసియాను పెంచడంలో కనిపెట్టిన కిటుకు ఇదే: ఆ పొరను చెదరనివ్వకూడదు. పొర లోపల ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది, పురుగు హాయిగా ఉంటుంది. బాగా నడుస్తున్న డిష్‌ను చూడగానే చెప్పేయొచ్చు. అడుగున నెత్తురు ఎరుపు పోయి నేరేడు పండు నలుపుకి తిరుగుతుంది. అలా నల్లబడిన డిష్ కనిపిస్తే చాచాను కూడా పిలిచి చూపించేదాన్ని. ఇరవైనాలుగు గంటలకోసారి పైనున్న పాత మీడియం తీసేసి కొత్తది పోయాలి. ఆదివారమైనా, అష్టమైనా. దుర్గాపూజ నాలుగు రోజులూ ఊరంతా పందిళ్ళ ముందుంటే నేను పిపెట్ పట్టుకుని ఉండేదాన్ని.

అమ్మకు ఇదంతా ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. "ఏటే గుంటా, పండగ పూట కూడా కుక్క నెత్తురికి అన్నం ఎట్టాలేటి?" అనేది. తర్వాత తనే టిఫిన్ డబ్బా కట్టేది. రెండు కట్టేది. రెండోది చాచాకు.

స్లైడు మీద గీమ్సా రంగు వేసి ఆయిల్ లెన్స్ కింద చూస్తే గులాబీ రంగు కణంలో చిన్న ఉంగరం, దానికి ఊదారంగు రాయి. మూడు మైక్రాన్లు కూడా ఉండదు. పెంపకం మొదలైన రెండు మూడు రోజులు ఉంగరాల సంఖ్య పెరిగేది. ఒకే కణంలో రెండు, ఒక్కోసారి నాలుగు. మేం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. ఆ తర్వాత ఉంగరాలు ముడుచుకుని చుక్కలైపోయేవి. చుక్కలంటే చచ్చినవని. మళ్ళీ భోలా ముందుకాలు. ఒక కుక్క ఇచ్చిన కణాల్లో బాగా పెరిగి, ఇంకో కుక్క కణాల్లో అసలు నిలదొక్కుకోకపోవడం చూసి నేను లోలోపల కుమిలిపోయేదాన్ని. లేత ఎర్రకణాలంటే గిబ్సోనైకి ఇష్టమనీ, కొన్ని జపాన్ కుక్కల ఎర్రకణాల్లో పొటాషియం ఎక్కువగా ఉంటుందనీ, వాటిలో ఇది ఇంకా జోరుగా పెరుగుతుందనీ చాలా ఏళ్ళ తర్వాత జపాన్‌వాళ్ళ పరిశోధనలు చదివి తెలుసుకున్నాను. అప్పుడు మా చేతిలో ఉన్నది మా పేట కుక్కల నెత్తురు, మా ఓపిక.

1992 డిసెంబరు మొదటివారం. అప్పటికి ఒక పెంపకం మునుపెన్నడూ లేనంత కాలం నిలిచింది. కొత్త కణాల్లోకి మార్చిన ప్రతిసారీ ఉంగరాలు మళ్ళీ పెరుగుతున్నాయి. అందరికీ ఆశ పుట్టింది. మాస్టారు భోలాకు ఇక సూది వేయొద్దని చెప్పారు. ఆరో తారీఖు ఆదివారం సాయంత్రం రేడియోలో అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చేసిన వార్త విన్నాం. మర్నాటికి మెటియాబ్రూజ్ వైపు నుంచి పొగ కనిపించింది. ఆ తర్వాత కర్ఫ్యూ. మా వీధి చివర సైనికుల బండి ఆగి ఉంది. ట్రాముల్లేవు. పాలు లేవు. ఎదురింటి ఉర్దూ టీచరమ్మ పిల్లలను తీసుకొచ్చి మా ఇంట్లోనే పడుకుంది, రెండు కుటుంబాలూ ఒక గదిలో ఉంటే ధైర్యమని. ఆమె ముందు నేను డిష్‌ల గురించి మాట్లాడలేదు. మనసు మాత్రం అక్కడే ఉంది.

ఆ రాత్రి నాన్న నిద్రపోలేదు. కిటికీ సందులోంచి వీధి చూస్తూ, "అప్పుడూ డిసెంబరే," అన్నాడు. 1943 డిసెంబరు 5న, పట్టపగలు జపాన్ విమానాలు వచ్చి ఖిదిర్‌పూర్ డాక్ మీద బాంబులు వేసినప్పుడు ఆయనకు పన్నెండేళ్ళు. "మా అయ్య సెయ్యట్టుకుని పరిగెత్తాను. కుక్కలు కూడా మాతోనే పరిగెత్తీసినాయి," అన్నాడు. ఇంకేవో కూడా చెప్పాడు. బెంగాల్ కరువు ఏడాది కదా, గోడౌన్ల ముందు పడి ఉన్న మనుషుల గురించి ఏదో. పక్కనే పసిపిల్ల ఏడుస్తుంటే నా చెవి అటు పోయింది. తర్వాత అడుగుదామనుకున్నాను. ఆయన పోయేదాకా అడగనే లేదు.

కర్ఫ్యూ సడలించాక వెళ్ళేసరికి లేబొరేటరీలో చాచా ఒక్కడే ఉన్నాడు. ఆయన కాంపౌండ్‌లోనే ఉండేవాడు కాబట్టి కుక్కలకు తిండి ఆగలేదు. మీడియం మార్చడం ఆయనకు రాదు, మేం ఎవరం నేర్పలేదు. డిష్‌ల అడుగున నెత్తురు అంతా ఇటుకపొడి రంగు. స్లైడు చేసి చూశాను. అన్నీ చుక్కలే. ఫ్రీజ్ చేసి దాచిన గొట్టాలు ఉన్నాయి గానీ, కరగదీస్తే వాటిలోంచి పురుగు లేవలేదు. మాస్టారు చాలాసేపు కిటికీ దగ్గర నిలబడి, చివరికి, "భోలాను తీసుకురా," అన్నారు. చాచా వెంటనే కదలలేదు. ఆయన నా వంక చూసిన చూపు నేను మరిచిపోలేదు. ఆ రోజు నెత్తురు తీసింది నేనే. భోలా ఎప్పటిలాగే కాలు చాపాడు.

ఆ తర్వాత ఏడాది పెంపకాలు నడిచాయి, ఆగాయి. డబ్బులు అయిపోయాయి. మేం ఆగకుండా పెంచే దశకు చేరలేదు. నా థీసిస్‌లో ఆ సంగతి ఒక్క పేరాలో ఉంది, పట్టిక కింద.

ప్రాజెక్టు మూసేశాక భోలాను ఖిదిర్‌పూర్ తెచ్చాను. ట్రాములో కుక్కను ఎక్కించనివ్వరు, చాచా తనకు తెలిసిన టెంపో మాట్లాడాడు. డాక్టర్‌బాబు బెరెనిల్ ఇంజెక్షను ఇచ్చారు. అప్పటికి మాకున్న మంచి మందు అదే. జ్వరం తగ్గింది, చిగుళ్ళకు రంగు వచ్చింది. పురుగు మాత్రం పూర్తిగా పోలేదు. గిబ్సోనై ఒకసారి పట్టిన కుక్క తేరుకున్నాక కూడా దాన్ని ఒంట్లో మోస్తూనే ఉంటుంది, నీరసించిన రోజు చూసి తిరగబడుతుంది. ప్రతి వానాకాలం చివర అమ్మ భోలా పెదవి ఎత్తి చూసేది. ఆమెకు ఎవరు నేర్పారో తెలియదు. "ఈడికి నెత్తురు తగ్గినాదే," అని నాకు ఫోన్ చేసేది. నేనప్పటికి విశాఖపట్నంలో ఉద్యోగంలో ఉన్నాను. వాడు అమ్మ మంచం కిందే ముసలివాడయ్యాడు. నాన్న పోయిన మరుసటి ఏడు వాడూ పోయాడు.

2000లో దక్షిణాఫ్రికా నుంచి, 2002లో జపాన్ నుంచి గిబ్సోనైని డిష్‌లో ఆగకుండా పెంచామని పరిశోధనా పత్రాలు వచ్చాయి. మొదటిది చేతికందినప్పుడు ముందు పద్ధతి చదివాను. మేం ఎక్కడ ఆగామో, వాళ్ళు ఎక్కడ ముందుకు పోయారో వేలు పెట్టి చూపించగలను. అసూయ కలగలేదని అంటే అబద్ధం. దానికన్నా పెద్దది ఇంకోటి కలిగింది: ఈ ప్రపంచంలో ఎక్కడో ఒకచోట భోలా బోటి వాడికి సెలవు దొరికిందన్న నిశ్చింత. ఇప్పుడు కొత్త మందు వస్తే ముందు డిష్‌లో పోసి చూస్తారు. మందుకు లొంగని పురుగు ఎలా మారిందో కూడా అక్కడే చూస్తారు. రోగం తగిలించిన కుక్క అవసరం అంతమేరకు తగ్గింది.

2020 అంఫాన్ తుపాను తర్వాత ఖిదిర్‌పూర్ ట్రాము మళ్ళీ నడవలేదు. అమ్మను అంతకు ముందే మా దగ్గరికి తెచ్చేసుకున్నాం. పని మీద ఆ ఊరు వెళ్ళినా టాక్సీలోనే డాక్ వంతెన దాటుతాను.

మొన్నీమధ్య దక్షిణాదిలో ఒక లేబొరేటరీ చూడ్డానికి పిలిచారు. రిటైరైన వాళ్ళను పిలిచి చూపించడం వాళ్ళ మర్యాద. ఇంక్యుబేటర్ దానంతట అదే గాలి కొలుచుకుంటుంది, కొవ్వొత్తితో పనిలేదు. అందులోని ప్లేట్లు చూసుకునే కుర్రాడిది విజయనగరం. గుంటల అడుగున నెత్తురు నల్లగా, నిండుగా ఉంది. చాలా బాగా పెంచుతున్నాడు. సెలవులప్పుడు మీడియం ఎవరు మారుస్తారని అడిగాను. కుక్కలను చూసుకునే ఆయనకు కూడా నేర్పానండీ అన్నాడు. ఎర్రకణాలు ఎక్కడివన్నాను. ఇద్దరు దాతలున్నారు మేడమ్, నెలకు కొద్ది మిల్లీలీటర్లే తీస్తాం, ఏ జబ్బూ తగిలించం అన్నాడు. వాటిని చూస్తానన్నాను. దొడ్లో ఎండలో పడుకుని ఉన్నాయి, నన్ను చూసి లేచి వచ్చాయి. నేను ఒకదాని పెదవి ఎత్తబోతుంటే కుర్రాడు నవ్వుతూ పేర్లు చెప్పాడు, పీసీవీ కూడా అడగకుండానే చెప్పాడు. ఒకదానికి నలభై రెండు, రెండోదానికి నలభై నాలుగు.